పాత కంప్యూటర్‌కి మదర్‌బోర్డు వెతికేవాళ్లకు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

బోర్డు పోయిన ప్రతి సిస్టమ్‌తోనూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మన దగ్గర పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు. ఇక్కడ తికమక లేకుండా పెట్టెను క్యాబినెట్ అని, లోపలి చిప్పును ప్రాసెసర్ అని రాశాం. ఒక్క మాట ముందే చెప్పాలి: చాలామంది పాత బోర్డు మీదున్న కంపెనీ పేరు పట్టుకుని వెతుకుతారు. వెతకాల్సింది కంపెనీని కాదు, సాకెట్‌ను, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు రకాన్ని.

## ముందు బోర్డు పోయిందో లేదో తేల్చుకోవడం

ఫ్యాన్ తిరగతా ఉంది, డిస్‌ప్లే రావట్లా. బోర్డు పోయినట్టేనా?

కాకపోవచ్చు. ఇలా వచ్చే వాటిలో ఎక్కువ భాగం ర్యామ్ దగ్గరే తేలిపోతాయి. కరెంటు వైరు పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను మామూలు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి బట్టతో తుడిచి, ఒక్క స్టిక్కే పెట్టి చూడండి. రాకపోతే రెండో స్లాటులో పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేసి, మానిటర్ కేబుల్‌ను బోర్డుకే తగిలించండి. తర్వాత గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి 5 నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. దాంతో బయాస్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వస్తాయి. మల్టీమీటరులో ఆ బ్యాటరీ 2.7 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే కొత్తది వేయండి.

ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష ఉంది. ర్యామ్ పూర్తిగా తీసేసి ఆన్ చేయండి. బోర్డుకు స్పీకర్ ఉండి బీప్‌లు వస్తే ప్రాసెసర్, బయాస్ పని చేస్తున్నట్టే. అప్పుడు అనుమానించాల్సింది ర్యామ్‌నో, దాని స్లాటునో. స్పీకర్ ఉండి, ర్యామ్ లేకపోయినా బీప్ రాకపోతే బోర్డు మీద అనుమానం బలపడుతుంది.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఎస్‌ఎంపీఎస్సా, బోర్డా?

ఎస్‌ఎంపీఎస్ అంటే క్యాబినెట్‌లో కరెంటు ఇచ్చే డబ్బా. దాని నుంచి వచ్చే 24 పిన్నుల ప్లగ్గును బోర్డు నుంచి పీకండి. మెయిన్ స్విచ్ ఆపి, ఆకుపచ్చ వైరు ఉన్న రంధ్రాన్నీ నల్ల వైరు ఉన్న ఏదో ఒక రంధ్రాన్నీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు స్విచ్ వేయండి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరక్కపోతే తప్పు దానిదే. తిరిగినా సరే, మల్టీమీటరుతో చూడాలి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.3కి కాస్త అటూ ఇటూ ఉండాలి. ఊదా వైరులో మాత్రం సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా 5 వోల్టులు వస్తూనే ఉండాలి. అది లేకపోతే బటన్ పనే చేయదు. అన్ని వైర్లూ నల్లగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ అయితే క్లిప్పు జోలికి పోకుండా షాపులో టెస్టర్ పెట్టించండి.

ఇంకో చిన్న సంగతి. క్యాబినెట్ ముందు బటనే చెడిపోయి ఉండొచ్చు. బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో క్షణం తాకిస్తే ఆ విషయం తేలిపోతుంది.

సిస్టమ్ బాగా స్లో అయింది. బోర్డు మారిస్తే స్పీడ్ అవుద్దా?

బోర్డు మార్చడం వల్ల వేగం రాదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వస్తుంది. రెండో జనరేషన్ ఐ3 ప్రాసెసర్ మీద కూడా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే బిల్లింగ్, బ్రౌజింగ్, పిల్లల చదువు పనులు హాయిగా జరుగుతాయి. దానికి వాడే హెచ్61 బోర్డుల్లో సాటా పోర్టులు (డిస్క్ తగిలించేవి) సెకనుకు 3 గిగాబిట్లవే. అయినా పాత హార్డ్ డిస్క్‌తో పోలిస్తే తేడా మొదటి బూట్‌లోనే కనిపిస్తుంది. బోర్డు బాగుంటే దాన్ని కదిలించకండి.

మా వైపు బోర్డులు ఇంత త్వరగా ఎందుకు పోతున్నాయి?

నేలను బట్టి కారణం మారుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కనుండే ఆఫీసుల్లో ఉప్పు గాలి తగిలి పోర్టుల మీదా ర్యామ్ స్లాట్లలోనూ పచ్చటి చిలుము పడుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య సిమెంటులా పేరుకుని ప్రాసెసర్‌ను ఉడకబెడుతుంది. కనిగిరి, ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతాల్లో ఎండాకాలం గది వేడికే ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్లు ఉబ్బుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో పిడుగు పడితే, కరెంటు లైను కన్నా ఎక్కువగా నెట్ కేబుల్ నుంచే దెబ్బ వస్తుంది. ల్యాన్ పోర్టు పోతుంది, దాంతో పాటు ఒక్కోసారి చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్పు) కూడా పోతుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం వీటన్నిటికీ తోడవుతుంది. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, బోర్డు సంగతి తర్వాత.

చిప్ లెవెల్ రిపేరు చేయిస్తే మేలా, బోర్డే మార్చాలా?

ఏం పోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన మాస్‌ఫెట్ (ప్రాసెసర్‌కు కరెంటు సర్దే చిన్న భాగం), చెడిపోయిన బయాస్ చిప్‌లోకి ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించడం: ఈ మూడూ తక్కువ ఖర్చులో అయ్యే పనులు, చేయించాక చాలాకాలం నిలుస్తాయి కూడా. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా చేసేవాళ్లున్నారు. చిప్‌సెట్ పోయింది, వేడి చేసి మళ్లీ కూర్చోబెడతాం అంటే మాత్రం వద్దనండి. అది కొద్ది వారాలకే మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు పొరల్లో నీళ్లు దిగినా, ప్రాసెసర్ సాకెట్ కాలినా అంతే. ఆరో జనరేషన్ నుంచి పై బోర్డులకు, డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ బోర్డులకు రిపేరు ప్రయత్నం తప్పకుండా చేయండి. బ్రాండెడ్ వాటికి సరిపోయే ఇంకో బోర్డు దొరకడం కష్టం.

## ఏ బోర్డు సరిపోతుందో లెక్క తేల్చడం

నా ప్రాసెసర్‌కి ఏ బోర్డు అడగాలి?

హీట్‌సింక్ తీసి, దాని కింద వేడి లాగడానికి పూసిన పేస్ట్ తుడిచి, ప్రాసెసర్ మీద చెక్కిన నంబరు రాసుకోండి. ఐ5 3470 అంటే మొదటి అంకె 3, అది మూడో జనరేషన్. ఐ3 10100 అంటే పదోది. ఐ5 650 లాగా మూడంకెలే ఉంటే మొదటి జనరేషన్. పెంటియం, సెలెరాన్‌ల లెక్క వేరు: జీ2030 మూడో జనరేషన్‌ది, జీ3220 నాలుగోది, జీ4400 ఆరోది, జీ5400 ఎనిమిదోది.

ఇక బోర్డులు. కోర్ 2 డుయోకి 775 సాకెట్, జీ31 లేదా జీ41 చిప్‌సెట్. మొదటి జనరేషన్‌కి 1156 సాకెట్, హెచ్55. రెండు, మూడు జనరేషన్లకు 1155 సాకెట్, హెచ్61 లేదా బీ75. నాలుగుకు 1150, అందులో హెచ్81, బీ85. ఆరు, ఏడు జనరేషన్లకు 1151లో హెచ్110, బీ150, బీ250. ఎనిమిది, తొమ్మిదికి 1151లోనే హెచ్310, బీ360, బీ365. పది, పదకొండుకు 1200 సాకెట్, హెచ్510 పెడితే రెండూ నడుస్తాయి. హెచ్410లో సాధారణంగా పదే నడుస్తుంది. పన్నెండు నుంచి పద్నాలుగు దాకా 1700, హెచ్610 లేదా బీ660, బీ760.

ఎంచుకునే వీలుంటే హెచ్61 కన్నా బీ75 మేలు. అందులో యూఎస్‌బీ 3.0, వేగమైన సాటా పోర్టు ఒకటి చిప్‌సెట్‌లోనే ఉంటాయి. హెచ్61లో మూడో జనరేషన్ ప్రాసెసర్ పెట్టాలంటే బయాస్ అప్‌డేట్ అయి ఉండాలి. అది అడక్కుండా కొంటే బోర్డు బాగున్నా డిస్‌ప్లే రాదు.

రెండూ 1151 అన్నారు, పెడితే ఆన్ కావట్లేదు. మోసం చేశారా?

షాపువాళ్లకూ ఇది తరచూ పొరబాటే. 1151 అనే అంకె ఒకటే అయినా, ఆరు, ఏడు జనరేషన్ల బోర్డు వేరు, ఎనిమిది, తొమ్మిది జనరేషన్ల బోర్డు వేరు. ప్రాసెసర్ సాకెట్లో చక్కగా కూర్చుంటుంది, కాని పిన్నులకు కరెంటు ఇచ్చే పద్ధతి మారింది కాబట్టి ఆన్ కాదు. ఐ5 7400కి హెచ్310 బోర్డు కొంటే వెనక్కి ఇవ్వాల్సిందే. అడిగేటప్పుడు 1151 అనకండి. "ఏడో జనరేషన్‌కి హెచ్110" అని చెప్పండి.

సిస్టమ్ ఆన్ కావట్లేదు, బోర్డు మోడల్ ఎక్కడ చూడాలి?

ర్యామ్ స్లాట్ల దగ్గరో, పెద్ద గ్రాఫిక్స్ స్లాటుకు పైనో తెల్ల అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. కింద రెవిజన్ నంబరు కూడా ఉంటుంది, దాన్నీ ఫొటో తీసుకోండి. ఒకే మోడల్‌లో రెవిజన్ మారితే బయాస్ ఫైలు మారుతుంది. సిస్టమ్ ఇంకా నడుస్తుంటే రన్ బాక్సులో ఎంఎస్‌ఇన్‌ఫో32 కొట్టి, బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ వరస చూడండి.

పాత ర్యామ్, పాత కూలర్ కొత్త బోర్డుకి పనికొస్తాయా?

డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. కాళ్ల మధ్య గాడి ఉన్న చోటే వేరు. బలవంతంగా నొక్కితే స్లాటు పగులుతుంది. మొదటి జనరేషన్ నుంచి నాలుగో జనరేషన్ దాకా డీడీఆర్3. ఆరో జనరేషన్ నుంచి ఎక్కువగా డీడీఆర్4. పన్నెండు నుంచి పద్నాలుగు దాకా డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మీ దగ్గర డీడీఆర్4 స్టిక్కులుంటే హెచ్610లో డీడీఆర్4 రకమే అడిగి తీసుకోండి.

డీడీఆర్3లో ఒక ఉచ్చు ఉంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్ని స్టిక్కులు ఏఎండీ బోర్డుల్లో మాత్రమే నడుస్తాయి. ఆ మాట చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లేనే రాదు. జీ41 బోర్డుకు ఒక్కో స్లాటులో 4 జీబీ దాటకూడదు. హెచ్61కి 8 చొప్పున రెండు స్లాట్లలో 16 జీబీ దాకా పెట్టుకోవచ్చు.

కూలర్‌కి బోర్డు మీది రంధ్రాల దూరం చూడాలి. 775లో 72 మిల్లీమీటర్లు, 1156 నుంచి 1200 దాకా 75, 1700లో 78. అంటే ఐ3 2100తో వచ్చిన ఫ్యాన్ పదో జనరేషన్ బోర్డుకీ బిగుస్తుంది, పన్నెండో దానికి బిగవదు.

మాది డెల్ సిస్టమ్. మామూలు బోర్డు అందులో పడుతుందా?

చాలా మోడళ్లలో పడదు. ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020లలో ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే ప్లగ్గుకు 24కి బదులు 8 పిన్నులే ఉంటాయి. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో 6. ముందు బటన్, లైట్ల వైర్లు కూడా వాళ్ల సొంత ఆకారంలో ఉంటాయి. వెనక పోర్టుల రేకు క్యాబినెట్‌తో కలిసే ఉండటంతో బయటి బోర్డు పోర్టులు అందులో కుదరవు. మామూలు బోర్డు పెట్టాలంటే క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ రెండూ కొనాలి.

అదే మోడల్ బోర్డు పాతది దొరికితే అదే మంచి దారి. సర్వీస్ ట్యాగ్ నంబరుతో డెల్ వెబ్‌సైట్‌లో మోడల్ ఖాయం చేసుకోండి. మోడల్ పేరొక్కటే చాలదు, సైజు కూడా చూడండి. ఒకే 7020 అని రాసి ఉన్నా చిన్న క్యాబినెట్ బోర్డు, పెద్ద క్యాబినెట్ బోర్డు వేరు వేరు. డీడీఆర్3, డీడీఆర్4 మాటలా ఇదీ గుర్తుపెట్టుకుని అడగాల్సిందే.

వేబ్రిడ్జ్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్నాయి. కొత్త బోర్డులో కామ్ పోర్టు ఉండట్లేదే?

రైస్ మిల్లులు, గ్రానైట్ క్వారీలు, పొగాకు గోడౌన్లు ఉన్న చోట ఈ ప్రశ్న రాని వారం లేదు. దీన్ని కొనక ముందే ఆలోచించాలి, కొన్నాక కాదు. ఎందుకంటే కాటా ఆగితే లారీలు ఆగుతాయి.

కాటా ఇండికేటర్ నుంచి వచ్చే 9 పిన్నుల కేబుల్ కామ్ పోర్టుకు తగులుతుంది. ఇప్పటి హెచ్510, హెచ్610 బోర్డుల్లో వెనక ఆ పోర్టు లేకపోయినా, బోర్డు మీద కామ్ అని రాసిన పిన్నుల వరస చాలావాటిలో ఉంటుంది. దానికి బ్రాకెట్ కేబుల్ ఒకటి కొని వెనక బిగిస్తే సరిపోతుంది. ఈ కేబుళ్లలో వైర్లు కలిపే పద్ధతులు రెండు రకాలు. ఒకటి పని చేయకపోతే పోర్టు పోయిందనుకోకుండా రెండో రకం పెట్టి చూడండి. యూఎస్‌బీ నుంచి కామ్‌కి మార్చే అడాప్టర్ కూడా నడుస్తుంది, కాని దాన్ని వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టిన రోజు కామ్3 కాస్తా కామ్5 అవుతుంది, తూకం స్క్రీన్ మీదకు రాదు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు నంబరును సాఫ్ట్‌వేర్ అడిగే నంబరుకు మార్చి, ఆ రంధ్రం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి.

ప్రింటర్ సంగతి: విండోస్ నుంచి ప్రింట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయితే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ చాలు. పాత డాస్ బిల్లింగ్ అయితే నేరుగా ఎల్‌పీటీ1కే (పాత ప్రింటర్ పోర్టుకే) పంపుతుంది, ఆ కేబుల్‌తో మామూలుగా ప్రింట్ పడదు. వాళ్లు హెచ్81, హెచ్110, హెచ్310 బోర్డుల్లో ఎల్‌పీటీ పిన్నుల వరస ఉన్న మోడల్ చూసి తీసుకోవాలి.

విండోస్ 11 పడాలంటే ఏ బోర్డు తీసుకోవాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 నుంచి పై ప్రాసెసర్లు, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్పు), యూఈఎఫ్‌ఐ (బయాస్‌కు కొత్త రూపం) సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. కాబట్టి హెచ్61, హెచ్81, హెచ్110 బోర్డు ఎంత మంచిది కొన్నా నిబంధన ప్రకారం విండోస్ 11 పడదు. నిబంధన దాటించి వేసే పద్ధతులు ఉన్నాయి కాని, జీఎస్టీ, బ్యాంకు పనులు జరిగే సిస్టమ్‌కి మేం వాటిని సూచించం. పాత సిస్టమ్‌ను బ్రౌజింగ్‌కి మాత్రమే వాడేవాళ్లు లైనక్స్ మింట్ వేసుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఏఎండీ వాళ్ల సంగతి?

ఇక్కడ పని సులువు. 2017 నుంచి వచ్చిన ఏఎం4 సాకెట్‌లో ఏ320, బీ450, ఏ520, బీ550 బోర్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఏ320, బీ450ల్లో రైజెన్ 5000 పెట్టాలంటే బయాస్ కొత్తదై ఉండాలి. ప్రాసెసర్ కాళ్లు బోర్డుకు కాదు, ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి కాళ్లు వంగుతాయి. 10 నిమిషాలు సిస్టమ్ నడిపి వేడెక్కించి, ఆఫ్ చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి లేపండి.

## కొనడం

ఎక్కడ దొరుకుద్ది? నెల్లూరులోనా, మద్రాసు పోవాలా?

ముందు ఊళ్లోనే అడగండి. నెల్లూరు, ఒంగోలు షాపుల్లో హెచ్61, హెచ్81, హెచ్110, హెచ్510, హెచ్610 కొత్తవి సాధారణంగా ఉంటాయి, లేకపోతే రెండు మూడు రోజుల్లో తెప్పిస్తారు. ఏదైనా తేడా వస్తే మార్చుకోవడానికి మనిషి ఎదురుగా ఉంటాడు. వంద, రెండు వందలు ఎక్కువైనా ఇది విలువైనదే.

బ్రాండెడ్ బోర్డు, బీ75, పాత కంపెనీ బోర్డు కావాలంటే చెన్నై రిచ్చీ స్ట్రీట్ దగ్గరి దారి. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరే. నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో పోతే సుమారు మూడు గంటలు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి మామూలు రోజున పోండి. పాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ చేతిలో పట్టుకుపోండి, మీ ప్రాసెసర్ మీదే ఆన్ చేయించుకుని డబ్బు ఇవ్వండి. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లకు విజయవాడ కూడా వీలే. హైదరాబాద్‌లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అక్కడి నుంచి తెలిసినవాళ్లు ఆర్టీసీ కార్గోలో వేస్తే, యాంటీ స్టాటిక్ కవర్, దాని మీద బబుల్ షీట్, గట్టి అట్టపెట్టె, సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తప్పనిసరి అని ముందే చెప్పండి.

"కొత్త హెచ్61 బోర్డు" అంటున్నారు. పదేళ్ల కిందటి బోర్డు కొత్తది ఎట్లా వస్తుంది?

ఇంటెల్ ఆ చిప్‌సెట్‌ను ఆపేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తయారవుతున్న వాటిలో బోర్డు, కెపాసిటర్లు, పోర్టులు కొత్తవి. చిప్‌సెట్ మాత్రం మిగిలిపోయిన పాత నిల్వదో, పాత బోర్డు నుంచి తీసినదో అయి ఉంటుంది. అలాగని వద్దనలేం. ఇళ్లకు, చిన్న కొట్లకు చాలావరకు సరిపోతున్నాయి. చూడాల్సినవి మూడు. ప్రాసెసర్ పక్కన మాస్‌ఫెట్‌ల మీద హీట్‌సింక్ లేని బోర్డులో ఐ7 3770 లాంటి 77 వాట్ల ప్రాసెసర్ పెట్టి రోజంతా నడపొద్దు, ఐ3, ఐ5 చాలు. కంపెనీ వెబ్‌సైట్‌లో బయాస్ ఫైలు దొరకదు కాబట్టి మీ ప్రాసెసర్ నంబరు చెప్పి అక్కడే ఆన్ చేయించండి. వారంటీ కాగితం మీద ఏడాదో, మూడేళ్లో, షాపుదో, కంపెనీదో స్పష్టంగా రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు ఏం చూడాలి?

సాకెట్‌తో మొదలుపెట్టండి. ఫోన్ లైటును పక్కనుంచి వాలుగా కొడితే ఇంటెల్ సాకెట్‌లోని సన్నటి పిన్నులు వరసగా మెరుస్తాయి. ఒక్కటి వంగినా ఆ మెరుపులో గండి కనిపిస్తుంది. అలాంటి బోర్డు ఎంత చవకైనా వద్దు. ప్రాసెసర్ బిగించి చూపించి, సాకెట్ చూపించని వాళ్ల దగ్గర ఒకసారి తీసి చూపించమనండి.

తర్వాత కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, వెనకవైపు సోల్డర్ చేసిన గుర్తులు, కాలిన వాసన, పోర్టుల్లో చిలుము ఉన్నాయా చూడండి. ఆన్ చేశాక ర్యామ్ స్లాట్లు రెండూ విడివిడిగా, ఆ పైన కలిపి పెట్టించండి. పాత బోర్డుల్లో ఒక స్లాటు చచ్చిపోయి ఉండటం మామూలే, అమ్మేవాళ్లు ఒక స్టిక్కుతోనే చూపిస్తారు. వెంట ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి యూఎస్‌బీ రంధ్రాలన్నింటిలో పెట్టండి. నెట్ కేబుల్ పెట్టి లైటు వెలుగుతుందో లేదో చూడండి. సౌండ్ వినండి. ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఆన్ చేయండి. వేడిగా ఉన్నప్పుడు నడిచి, చల్లారాక లేవని బోర్డులు ఇక్కడే దొరికిపోతాయి. వెనక పోర్టుల రేకు ఇస్తున్నారో లేదో అడగండి. అది విడిగా దొరకదు, లేకపోతే ఆ సందులోంచి బల్లులు, దుమ్ము లోపలికి పోతాయి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే?

పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి, సాకెట్ మూత తీసి పిన్నులు దగ్గరగా చూపించండి. వంగిన పిన్నులకు కంపెనీలు సాధారణంగా వారంటీ ఇవ్వవు, మీరే వంచారంటే చేతిలో రుజువు ఉండాలి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు బోర్డుతో సరిపోయిందో అప్పుడే చూసుకోండి.

ఎంత వరకు ఖర్చు పెట్టొచ్చు? దానికి బదులు సిస్టమే మార్చేస్తే?

నాలుగో జనరేషన్ దాకా ఉన్న సిస్టమ్‌కి బోర్డు మీద సుమారు 3,000 రూపాయలు దాటితే మాకు సమ్మతం కాదు. బోర్డుతో పాటు ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కూడా కొనాల్సి వస్తే అక్కడితో ఆగండి. ఆ డబ్బుకు ఇంకొంత కలిపితే ఎనిమిదో జనరేషన్ రిఫర్బిష్డ్ (బాగుచేసి అమ్మే పాత) ఆఫీస్ సిస్టమ్ వస్తుంది. ఆప్టిప్లెక్స్ 3060, ఎలైట్‌డెస్క్ 800 జీ4, థింక్‌సెంటర్ ఎం720 ఈ కోవలోవే, విండోస్ 11 కూడా పడుతుంది. ఆరు, ఏడు జనరేషన్ల వాళ్లకు బోర్డు ఒక్కటే పోతే మార్చడం లాభమే. ఎనిమిది దాటిన సిస్టమ్‌కి ఆలోచించే పనే లేదు, బోర్డు మార్చండి.

## బిగించడం

నేనే బిగించుకోవచ్చా? ఏ వరసలో చేయాలి?

ఓపిక ఉంటే చేసుకోవచ్చు, గంటన్నర పని. పాత బోర్డుకు వైర్లన్నీ ఉండగానే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. క్యాబినెట్‌లో పెట్టకముందే, కొత్త బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించి డిస్‌ప్లే వస్తుందో చూడండి. ఈ ఒక్క అడుగు తర్వాతి తలనొప్పిని చాలా తగ్గిస్తుంది.

ప్రాసెసర్ అంచున ఉన్న గాడులు సాకెట్ గుర్తులతో కలవాలి. దాన్ని నొక్కొద్దు, వదిలితే దానంతటదే కూర్చోవాలి. పేస్ట్ శనగగింజంత చాలు, మధ్యలో పెట్టండి. క్యాబినెట్‌లో బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లను బోర్డు రంధ్రాలతో సరిపోల్చండి. రంధ్రం లేని చోట స్టాండ్‌ఆఫ్ మిగిలిపోతే అది బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. వెనక రేకు ముందే నొక్కి పెట్టండి, మర్చిపోతే బోర్డంతా మళ్లీ తీయాలి. 24 పిన్నులు, ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నులు రెండూ టిక్కుమనే దాకా నొక్కండి. బోర్డుకు 8 పిన్నుల రంధ్రం ఉండి మీ ఎస్‌ఎంపీఎస్‌కి 4 పిన్నులే ఉంటే, 65 వాట్ల ప్రాసెసర్ దాకా ఆ 4తో సాధారణంగా నడుస్తుంది.

ముందు బటన్ల సన్న వైర్లు ఎక్కడ పెట్టాలో అర్థం కావట్లేదు

చాలా బోర్డుల్లో ఎఫ్ ప్యానెల్ అని రాసిన 9 పిన్నుల వరస ఉంటుంది. 1, 3 హార్డ్ డిస్క్ లైటు. 2, 4 పవర్ లైటు. 5, 7 రీసెట్. 6, 8 పవర్ బటన్. బటన్లకు వైర్లు ఎటు పెట్టినా పరవాలేదు. లైట్లకు 1, 2 పిన్నులు ప్లస్, తిరగేసి పెడితే వెలగవు, అంతకు మించి నష్టం లేదు.

అన్నీ సరిగా బిగించాం, కొత్త బోర్డులోనూ డిస్‌ప్లే రాలేదు

ప్రాసెసర్ దగ్గరి 4 పిన్నుల వైరు మర్చిపోయారేమో ముందు చూడండి. ఎక్కువసార్లు అదే. ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే, ఐ3 12100ఎఫ్ లాంటివి, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా బొమ్మ రాదు, విడిగా కార్డు కావాలి. కొత్త బోర్డు మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి, ముఖ్యంగా డీడీఆర్5లో, కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఆ లోపే ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తుంటే ఎప్పటికీ రాదు. కూలర్ స్క్రూలు ఒకవైపే బిగిస్తే ప్రాసెసర్ ఒక పక్కకు ఒరిగి ర్యామ్ ఒక స్లాటులో కనిపించకుండా పోతుంది. అన్నీ కాస్త వదులు చేసి, ఎదురెదురుగా కొద్ది కొద్దిగా బిగించండి.

## బిగించాక

విండోస్ మళ్లీ వేయాలా? నీలం తెర వస్తోంది

దగ్గరి జనరేషన్ బోర్డు అయితే విండోస్ 10, 11 తమంతట తామే సర్దుకుంటాయి, మొదటి బూట్‌కు ఆలస్యం అవుతుంది. నీలం తెర మీద ఇనాక్సెసబుల్ బూట్ డివైస్ అని వస్తే, పాత బోర్డులో సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఐడీఈ ఉండి కొత్తదానిలో ఏహెచ్‌సీఐ ఉండటం ప్రధాన కారణం. బయాస్‌లో పాత మోడ్ ఉంటే పెట్టి చూడండి. అసలు డిస్క్ బూట్‌కే దొరకకపోతే అది ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉండొచ్చు. పదకొండో జనరేషన్ నుంచి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌తో లెగసీ బూట్, అంటే ఆ పాత పద్ధతి డిస్క్ నుంచి మొదలవడం, కుదరదు. విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోవచ్చు. కాని ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోకుండా ఆ పని ముట్టుకోవద్దు.

పాతది ఇంకా నడుస్తుండగానే బోర్డు మార్చేవాళ్లు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూసి, ఆఫ్ చేయండి, లేదా రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకుండా బోర్డు మారిస్తే 48 అంకెల కీ అడుగుతుంది. కీ లేకపోతే లోపలి ఫైళ్లు తీయడం ఎవరి వల్లా కాదు.

విండోస్ లైసెన్సు, టాలీ లైసెన్సు పోతాయా?

సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు పాత బోర్డుతోనే ముగిసిపోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. దాన్ని ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంచుకుంటే పని తేలిక. టాలీని పాత సిస్టమ్ నడుస్తుండగానే సరెండర్ చేసి, కొత్త బోర్డు మీద మళ్లీ యాక్టివేట్ చేయండి. పాతది చచ్చిపోయి ఉంటే సీరియల్ నంబరుతో వాళ్ల పార్ట్‌నర్‌ను అడగాలి. డేటా ఫోల్డర్‌ను మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఈ బోర్డన్నా నాలుగు కాలాలు ఉండాలంటే?

గ్రానైట్ దుమ్ము, సున్నం దుమ్ము ఉన్న చోట రెండు నెలలకోసారి, మామూలు ఇళ్లలో ఆర్నెల్లకోసారి బ్లోయర్‌తో ఊదించండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. పేస్ట్ మూడేళ్లకోసారి మార్చండి. సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఏడాదికోసారి ర్యామ్ కాళ్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. క్యాబినెట్ నేల మీద పెట్టొద్దు, అడుగు ఎత్తు బల్ల చాలు. యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆర్నెల్లకోసారి ప్లగ్గు పీకి చూడండి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా పీకండి.

పాత బోర్డు ఏం చేయాలి?

బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. కొన్న షాపువాళ్లు విడిభాగాల కోసం తీసుకుంటారు, ఎంతో కొంత ఇస్తారు కూడా. వెనక రేకు, కూలర్, స్క్రూలు మీ దగ్గరే ఉంచుకోండి. రాగి కోసం కాల్చే వాళ్లకు ఇవ్వొద్దు. ఆ పొగలో సీసం ఉంటుంది, పక్కనే పిల్లలుంటారు.